అప్‌డేట్: డిసెబిలిటీ డబ్బులు తీసుకుంటున్న అక్క అమెరికా నుంచి వచ్చి వెళ్లింది, ఏమీ ఆగలేదు

వెన్ను ఆపరేషన్ తర్వాత పని చేయలేకపోతున్న మా అక్కకు న్యూజెర్సీలో కంపెనీ ఇన్సూరెన్స్ నుంచి నెలనెలా లాంగ్ టర్మ్ డిసెబిలిటీ డబ్బులు వస్తాయి. నా బిడ్డ పెండ్లికి నల్గొండ వస్తే అవి ఆగిపోతాయా అని అడిగిన. జవాబిచ్చిన అందరికీ దండాలు. అక్క 5 వారాలు మాతోనే ఉంది, ఒక్క నెల కూడా ఆగలేదు.

'ముందు పాలసీ కాగితం మొత్తం చదివించండి' అన్న సలహానే పనికొచ్చింది. అక్కడి వకీలు చదివి రెండు షరతులు చూపించిండు: దేశం బయట ఉండే రోజులకు పరిమితి, డాక్టర్ చికిత్స ఆపొద్దన్నది. పరిమితి ఒక్కో పాలసీకి ఒక్కో తీరు, కాబట్టి మీది మీరే చూసుకోవాలి. అక్క తేదీలు ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలిపింది. ప్రయాణం చేయొచ్చు కానీ ఉద్యోగం చేసే స్థితి లేదని డాక్టర్ ఉత్తరం కూడా తెచ్చుకుంది.

నన్ను బాగా భయపెట్టిన 'అమెరికా బయట 30 రోజులు దాటితే కట్' అన్నది మాకు వర్తించలేదు. అది ఆదాయం తక్కువున్నవాళ్లకు అమెరికా సర్కారు ఇచ్చే సాయం, ఎస్ఎస్ఐకి. అక్కకు ఇన్సూరెన్స్‌తో పాటు వచ్చేది ఎస్ఎస్‌డీఐ (ఉద్యోగం చేసినప్పుడు కట్టిన పన్నును బట్టి సర్కారు ఇచ్చే డిసెబిలిటీ డబ్బులు), పైగా ఆమె అమెరికా పౌరురాలు.

మెడికేర్ (అమెరికా సర్కారు ఆరోగ్య బీమా) మాత్రం మామూలుగా ఇక్కడ చెల్లదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకున్నం, మందులు సరిపడా తెచ్చుకుంది. శంషాబాద్‌లో వీల్‌చెయిర్ ముందే చెప్పి పెట్టినం. బరాత్‌ల నడవలేకపోయింది, కారులోనే కూర్చుంది. తలంబ్రాలప్పుడు మాత్రం పక్కనే ఉంది. అది చాలు నాకు.