పిల్లలు పుట్టడం కోసం వాడే మందులు, ఇంజెక్షన్లు: ఏ ఇబ్బంది మామూలు, దేనికి పరిగెత్తాలి?

చంపావతి:
మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు చాలామంది స్కానింగులకీ, ఐవీఎఫ్ కోసం అండాశయం నుంచి గుడ్లు తీసే ఎగ్ పికప్‌కీ విశాఖ వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. ఇబ్బంది మొదలయ్యేది ఇంటికొచ్చాకే. ఇచ్ఛాపురం నుంచో రాజాం నుంచో అర్ధరాత్రి మళ్లీ అంత దూరం పరుగంటే మాటలు కాదు. ఏ మందుకి ఏమవుతుందో తెలిసినవాళ్లు రాయండి. "భయపడకమ్మా, దేవుడున్నాడు" అనేవి మాత్రం వద్దు.

మందుల చీటీ:
మాత్రలతో మొదలెడతాను. గుడ్డు పెరగడానికి వాడే క్లోమిఫిన్ సాధారణంగా 50 మిల్లీగ్రాములతో, నెలసరి 2 నుంచి 5వ రోజు మధ్య మొదలుపెట్టి 5 రోజులు ఇస్తారు. ఒంట్లోంచి వేడి ఆవిర్లు, చిరాకు, తలనొప్పి మామూలే. కళ్లు మసకబారినా, మెరుపులు కనిపించినా తర్వాతి మాత్ర వేసుకోకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యాలి, ఆ రోజు బండి నడపకూడదు. ఇది కొందరిలో గర్భాశయం లోపలి పొరని పల్చన చేస్తుంది. గుడ్డు పెరిగినా గర్భం నిలవకపోవడానికి అదీ ఒక కారణం. లెట్రోజోల్‌తో ఆ బెడద తక్కువ, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో గుడ్డు సరిగా విడుదల కాని సమస్య) వాళ్లకి ఇప్పుడు ముందుగా రాసేదీ అదే. నీరసం, కళ్లు తిరగడం ఉంటాయి.

నాగావళి:
అసలు జాగ్రత్త ఇంజెక్షన్ల దగ్గరే. హెచ్‌సీజీ ట్రిగ్గర్ (పెరిగిన గుడ్లు పక్వమయ్యేలా చివర్లో వేసే సూది) పడ్డాక, ఉబ్బిన అండాశయాల నుంచి వచ్చే రసాయనాల వల్ల రక్తనాళాల్లోంచి నీరు కారి పొట్టలో చేరుతుంది. దీన్నే ఓహెచ్ఎస్ఎస్ అంటారు. నీరు ఒంట్లోనే ఉంటుంది గాని రక్తంలో ఉండదు. అందుకే బరువు పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది, రక్తం చిక్కబడుతుంది. ట్రిగ్గర్ తర్వాత 9 రోజుల లోపు వచ్చేది ఒక రకం. 10 రోజులు దాటాక వచ్చేది గర్భం నిలిచినందువల్ల, అది ఎక్కువ రోజులు లాగుతుంది.

రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు, ఒకే మెషీన్ మీద బరువు చూసుకోండి. బొడ్డు దగ్గర టేపు పెట్టి చుట్టుకొలత రాసుకోండి. 24 గంటల్లో కిలో దాటి పెరిగినా, రోజంతా కలిపి మూత్రం లీటరు లోపే వచ్చినా, ఆయాసం, ఆగని వాంతులు ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. ఒక కాలి పిక్క వాచినా, మెడలో నొప్పి వచ్చినా రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. మంచం దిగకుండా పడుకుంటే ఆ ముప్పు ఇంకా ఎక్కువ, ఇంట్లో నడుస్తూ ఉండాలి.

ఉద్దానం తోట:
పై మాటకి రెండు చేర్చాలి. మూత్రం రావట్లేదంటే ఊళ్లో ఆర్‌ఎంపీ లాసిక్స్ (మూత్రం ఎక్కువ పోయించే మందు) పొడిచేస్తాడు. అసలే చిక్కబడిన రక్తం దాంతో ఇంకా చిక్కబడుతుంది. నొప్పికి డైక్లోఫెనాక్, బ్రూఫెన్ వద్దు, పారాసెటమాల్ చాలు. కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో చెప్పక్కర్లేదు. ఇంజెక్షన్లు మొదలెట్టకముందే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) చేయించమని అడగండి.

చంపావతి:
మరి కొబ్బరి బొండాలు? అందరూ అవే తాగమంటారు.

ఉద్దానం తోట:
తేలికపాటి ఉబ్బరానికి ఒకటి తాగితే పర్లేదు. మూత్రం తగ్గిపోయినప్పుడు మాత్రం వద్దు. అందులో పొటాషియం ఎక్కువ, ఓహెచ్ఎస్ఎస్ ముదిరితే రక్తంలోనూ అది పెరుగుతుంది. దాహానికి సరిపడా మామూలు నీళ్లు తాగండి, పోటీపడి అయిదారు లీటర్లు కాదు.

నాగావళి:
ఓహెచ్ఎస్ఎస్ ముప్పు ఎక్కువ ఉండేది పీసీఓఎస్ వాళ్లకి, చిన్న వయసు వాళ్లకి, ఏఎంహెచ్ (అండాశయంలో గుడ్ల నిల్వని చూపే రక్తపరీక్ష) ఎక్కువ ఉన్నవాళ్లకి. వీళ్లు ట్రిగ్గర్‌కి ముందే డాక్టర్ని అడగాలి: హెచ్‌సీజీ బదులు లూప్రొలైడ్ ట్రిగ్గర్ వెయ్యొచ్చా, పిండాల్ని ఫ్రీజ్ చేసి తర్వాతి నెల పెట్టొచ్చా అని. పికప్ అయ్యాక అడిగితే సగం దారులు మూసుకుపోతాయి.

మందుల చీటీ:
ఒక పక్కే హఠాత్తుగా తెరలుతెరలుగా నొప్పి, వాంతి వస్తే గ్యాస్ అనుకోకండి. బరువెక్కిన అండాశయం మెలి పడితే గంటల్లో ఆపరేషన్ చెయ్యాలి, లేకపోతే అది పోతుంది. 108లో దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్లండి. ఏ ట్రిగ్గర్, ఏ తేదీ, ఎన్ని గుడ్లు తీశారు అన్న కాగితం చేతిలో ఉండాలి. పొట్ట గట్టిగా నొక్కి చూడొద్దని కూడా చెప్పండి.

ఇక గర్భం నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టిరాన్. నూనె ఇంజెక్షన్‌కి పిరుదు గడ్డ కడుతుంది. మందు గొట్టాన్ని అరచేతుల మధ్య వెచ్చబెట్టి, నెమ్మదిగా వేయించుకుని, పక్కలు మార్చుతూ ఉండాలి. యోని లోపల పెట్టే మాత్రలకి తెల్లగా మైనంలా కారడం మామూలే, మందు పోయిందనుకుని రెండోది పెట్టకండి. రొమ్ముల నొప్పి, నిద్రమత్తు, వికారం దీనివల్లే వస్తాయి. వాటిని చూసి గర్భం నిలిచిందని చెప్పలేం.

తోటపల్లి కాలవ:
ఎఫ్ఎస్‌హెచ్ (గుడ్లు పెంచే హార్మోన్) ఇంజెక్షన్లు బస్సులో తెచ్చుకునేవాళ్లకి: చాలావాటికి 2 నుంచి 8 డిగ్రీలు ఉండాలి, పెట్టె మీద చూసుకోండి. ఐసుకి నేరుగా తగిలితే గడ్డకట్టి పాడవుతుంది, గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. ఇంట్లో ఫ్రిజ్ మధ్య అరలో, తలుపులో కాదు.

చంపావతి:
ఇంటి టెస్టు ఎప్పుడు చేసుకోవచ్చు?

మందుల చీటీ:
హెచ్‌సీజీ ట్రిగ్గర్ వేయించుకుంటే 14 రోజుల లోపు వద్దు. సూది మందే రెండు గీతలు చూపించేస్తుంది.