బ్లాక్ వాచ్ కిల్ట్, ట్వీడ్ జాకెట్: గళ్ల చొక్కా మీదికి ఏ రంగు టై?

స్కాట్లాండ్‌లో ఉంటున్నాను. సెప్టెంబరు మొదటి శనివారం జరిగే బ్రేమార్ గేదరింగ్ అనే సంప్రదాయ ఆటల పండుగకి కిల్ట్ (ఇక్కడి మగవాళ్లు వేసే కుచ్చిళ్ల గళ్ల లంగా) వేసుకుని వెళ్లాలి. పగటి వేడుక కాబట్టి ప్రిన్స్ చార్లీ కోటు, బో టై వద్దనుకున్నాను. అవి సాయంత్రం విందులకే అందం.

కిల్ట్ బ్లాక్ వాచ్ అనే టార్టన్ (గళ్ల నేత): ముదురు ఆకుపచ్చ, నేవీ బ్లూ, నలుపు. పైన బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ ట్వీడ్ (గరుకు ఉన్ని గుడ్డ) జాకెట్, అదే గుడ్డ వెయిస్ట్‌కోటు. స్పోరాన్ (నడుముకి ముందు వేలాడే సంచి), బూట్లు గోధుమరంగు తోలువి.

తెల్ల చొక్కా, నల్ల టై వేసి చూస్తే ఆఫీసుకి బయల్దేరినట్టుంది. మెరిసే సిల్కు చారల టై ట్వీడ్ గరుకుదనానికి అస్సలు అతకలేదు. మీగడరంగు ప్లెయిన్ చొక్కా మీద ముదురాకుపచ్చ ఉన్ని టై కొంత నయం, కానీ వెయిస్ట్‌కోటులో కలిసిపోయి కనిపించకుండా పోయింది. కిల్ట్ గుడ్డతోనే టై కుట్టించుకోమని షాపులో అన్నారు. అది నాకు అతి అనిపించింది.

నాకు నిజంగా నచ్చింది టాటర్‌సాల్ చొక్కా. మీగడరంగు మీద సన్నటి ఆకుపచ్చ, మెరూన్ గీతల చిన్న గళ్లు. కిల్ట్ గళ్లు చాలా పెద్దవి, అందుకే రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టట్లేదు. పల్లెల్లో ట్వీడ్ కిందికి ఇక్కడివాళ్లు ఎప్పట్నుంచో వేసే చొక్కా ఇదే. టై పెట్టగానే మాత్రం లెక్క తప్పుతోంది. చారలదైనా, చుక్కలదైనా గందరగోళమే. ప్లెయిన్ ఉన్ని టై అని మాత్రం తేల్చుకున్నాను.

పగటిపూట కిల్ట్ వేసే అలవాటున్నవాళ్లు చెప్పండి: ఈ చొక్కాలోని మెరూన్ రంగు టై వేయాలా, లేక చొక్కాలో, కిల్ట్‌లో ఎక్కడా లేని ఆవపిండి రంగు వేయాలా?