కీమో రోజుల్లో పచ్చివన్నీ మానేయాల్సిందేనా?

మధురవాడ నుంచి:
మా నాన్నకి 61. లింఫోమా అనే క్యాన్సర్. మూడో కీమో అయి తొమ్మిది రోజులైంది. డిశ్చార్జి రోజున ఒక కాగితం చేతిలో పెట్టారు: పళ్ళు వద్దు, పచ్చి కూరలు వద్దు, పెరుగు వద్దు, నిన్నటివి వద్దు, బయటి తిండి అసలే వద్దు. ఆయన చిన్నప్పటి నుంచి పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని తిన్న మనిషి. ఇప్పుడు ఉడకబెట్టిన బీరకాయ చూస్తేనే మొహం తిప్పేస్తున్నారు. ఐదు కిలోలు తగ్గిపోయారు. నిన్న జామకాయ అడిగారు, ఇవ్వనన్నాను. మారు మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు. తినకపోతే ఏ మందు మాత్రం పనిచేస్తుందని అమ్మ. కాగితం దాటొద్దని అక్క. నిజంగా పచ్చిది ముట్టకూడదా? ఈ బాధ పడినవాళ్ళు చెప్పండి.

గాజువాక నుంచి:
ముట్టకూడదు. మా మేనత్తకి కిడ్నీ మార్చి రెండేళ్ళు. ఒక ఫంక్షన్‌లో మధ్యాహ్నం వండిన చికెన్ రాత్రి వడ్డించారు. పక్కన కూర్చుని తిన్న మాకు ఒక్కరోజు విరేచనాలు, అంతే. అత్తకి మూడోరోజు చలిజ్వరం. బ్లడ్ కల్చర్‌లో సాల్మొనెల్లా వచ్చింది. రెండు వారాలు నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించారు. కొత్త కిడ్నీని ఒళ్ళు తోసేయకుండా మందులతో ఇమ్యూనిటీని తగ్గించి ఉంచుతారు. అందుకే మన పేగుల్లోనే ఆగిపోయే క్రిమి ఆమె రక్తంలోకి పోయింది. జామకాయ వచ్చే ఏడాదైనా తినొచ్చు.

సీతమ్మధార నుంచి:
క్యాన్సర్ వార్డులో నర్సుని, పన్నెండేళ్ళుగా. మీ అత్తగారి విషయం చదివి బాధేసింది తమ్ముడూ. కానీ ఒకసారి మళ్ళీ చూడండి, ఆమెని పడేసింది పచ్చిది కాదు. వండి గంటల తరబడి బయట వదిలేసిన చికెన్.

ఈ కాగితం వెనక ఉన్న పద్ధతిని న్యూట్రోపెనిక్ డైట్ అంటారు. తెల్లకణాల్లో క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరు రక్తానికి 500 కంటే తగ్గినప్పుడు క్రిములు లోపలికి పోకుండా అన్నీ ఉడికించి పెట్టడం. వినడానికి సబబుగానే ఉంటుంది. పరీక్షించి చూస్తే మాత్రం పెద్ద లాభం కనబడలేదు. 2008లో అమెరికాలో లుకేమియా అనే రక్తక్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్న 153 మందిని రెండు గుంపులు చేశారు. వండినవే తిన్నవాళ్ళలో 29 శాతానికి, పచ్చి పళ్ళు కూరలు కూడా తిన్నవాళ్ళలో 35 శాతానికి పెద్ద ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి. అంతమందిలో ఆ మాత్రం తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. బతికిన రోజుల్లోనూ తేడా తేలలేదు. తర్వాత పిల్లల మీద, మూలకణ మార్పిడి చేయించుకున్నవాళ్ళ మీద చేసిన అధ్యయనాలూ ఇంచుమించు ఇదే చెప్పాయి.

అలాగని అమ్మగారి మాట విని చద్దన్నం పెట్టేయకండి. దీని మీద మాత్రం నేను చాలా గట్టిగా ఉంటాను. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. మన విశాఖ ఉక్కపోతలో రాత్రంతా గిన్నెలో ఉంటే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషాల్లో వాంతులు తెప్పించేది తిరిగి వేడిచేసినా పోదు. పులిస్తే ఆ పులుపు కొంత అడ్డుకుంటుంది, నిజమే. ఎంత పులిసిందో ఇంట్లో కొలవలేం కదా.

ఫ్రిజ్ కూడా మనం అనుకున్నంత కాపాడదు. మిగతా క్రిములు చల్లదనానికి మందగిస్తాయి, లిస్టీరియా మాత్రం 4 డిగ్రీల దగ్గర కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. 2017-18లో దక్షిణాఫ్రికాలో వెయ్యిమందికి పైగా దాని బారిన పడ్డారు, 200 మందికి పైగా పోయారు. కారణం, వేడి చేయకుండానే తినే పోలోనీ అనే మాంసం. బాగా దెబ్బతిన్నది పురిటిబిడ్డలు, హెచ్ఐవీ ఉన్నవాళ్ళు. పొగలు వచ్చేదాకా వేడిచేస్తే లిస్టీరియా చచ్చిపోతుంది.

గాజువాక నుంచి:
అక్కా, ఆ 153 మందీ గాలిని కూడా వడకట్టిన గదుల్లో ఉన్నవాళ్ళు. మన తోటకూర ఏ నీళ్ళతో పండిందో, రైతుబజార్‌కి వచ్చేలోపు ఏ నీళ్ళు చల్లారో ఎవరికి తెలుసు? అక్కడి లెక్క ఇక్కడికి తెచ్చి ధైర్యం చెప్తే ఎలా?

సీతమ్మధార నుంచి:
ఈ మాట ఒప్పుకుంటాను. అందుకే పచ్చి ఆకులు, కొత్తిమీర చల్లిన చాట్, మొలకలు, బీచ్‌లో మిక్చర్‌లో కలిపే తరిగిన ఉల్లిపాయలు, బండి మీద కోసిపెట్టిన పళ్ళు నేనూ వద్దంటాను. తొక్క ఉన్న పండు సంగతి వేరు. అరటిపండు, బత్తాయి, దానిమ్మ. పైన బాగా కడిగి, చేతులు సబ్బుతో కడుక్కుని, మాంసం కోయని కత్తితో ఇంట్లోనే కోసి అప్పటికప్పుడు పెట్టాలి. తొక్క కడగకుండా కోస్తే దాని మీద ఉన్నదంతా కత్తితో పాటు లోపలికి పోతుంది. పెరుగులో ఉన్నవి బతికున్న క్రిములే కాబట్టి కౌంట్ పడిపోయిన రోజుల్లో డాక్టర్‌ని అడిగాకే.

నేను వార్డులో చూసేది ఇంకోటి ఉంది. భయంతో పస్తులుండి, ఒళ్ళు చిక్కిపోయి, తర్వాతి కీమో వాయిదా పడినవాళ్ళు. నిషేధాల కాగితంలో ఆ నష్టం రాసి ఉండదు.

పెదవాల్తేరు నుంచి:
మా ఇంట్లో లివర్ సిర్రోసిస్ ఉన్న బావగారున్నారు. ఆయనకి రొయ్యలు, పీతలు, గుల్లలు పూర్తిగా ఉడకందే పెట్టొద్దని డాక్టర్ మరీ మరీ చెప్పారు. సముద్రపు నీళ్ళలో విబ్రియో వల్నిఫికస్ అనే క్రిమి ఉంటుందట. లివర్ దెబ్బతిన్నవాళ్ళకి రక్తంలోకి పాకితే ప్రాణం మీదకి వస్తుందట. కాలికి పుండు ఉంటే బీచ్‌లో నీళ్ళలో దిగొద్దన్నారు. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన చేపలు ఇప్పుడు మా ఆవిడ చేతులకి గ్లవ్స్ వేసుకుని బాగుచేస్తోంది, గరిటె కూడా వేరు.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబర్‌లో రోజుల తరబడి కరెంటు లేక ఫ్రిజ్‌లో ఉన్నదంతా పారబోశాం. అప్పుడు పారేయడానికి మనసొప్పలేదు. ఇప్పుడైతే నాలుగైదు గంటలు కరెంటు పోయినా ఆయన కోసం దాచింది తీసి పక్కన పెట్టేస్తున్నాం.

మధురవాడ నుంచి:
ఇవాళ రక్తపరీక్ష చేయించాం, న్యూట్రోఫిల్స్ 400. ఇంకో వారం జాగ్రత్తగా ఉండండి, కౌంట్ పెరిగాక ఇంట్లో తొక్క తీసిన పళ్ళు పెట్టొచ్చు, చద్దన్నం జోలికి మాత్రం వెళ్ళొద్దు అన్నారు డాక్టర్. జామకాయని తొక్క తీసి, గింజలు తీసి, కాస్త పంచదారతో ఉడికించి ఇచ్చాను. వాసన అదేనే అన్నారు నాన్న. సగం గిన్నె తిన్నారు. అక్క ఇంకా ఒప్పుకోలేదు, గిన్నె ఎవరు కడిగారని అడుగుతోంది.