అప్‌డేట్: మా గ్యారేజీ దయ్యాల కొంపకు కథ దొరికింది

హాలోవీన్‌కు మా గ్యారేజీలో పెట్టే దయ్యాల కొంపకు మంచి కథ కావాలని, గుమ్మం దగ్గర వినిపించే రికార్డింగును పిల్లలెవరూ ఆగి వినడం లేదని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. అక్టోబరు 31న కథ బాగా పండింది.

పనిచేసిన సలహా ఇది: కథ చెప్పవద్దు, దయ్యానికి తీరని కోరిక ఒకటి పెట్టి, దాన్ని తీర్చే పని వచ్చినవారికి అప్పగించండి. మేముండేది టెక్సాస్ కాబట్టి 1900 సెప్టెంబరు 8న ఇక్కడి దీవి మీది ఊరు గాల్వెస్టన్‌ను ముంచెత్తిన తుఫానును తీసుకున్నాం. వంతెనలు కొట్టుకుపోయి, టెలిగ్రాఫ్ తీగలు తెగి, ఆ ఊరికి బయటి ప్రపంచంతో సంబంధమే పోయింది. మా దయ్యం ఆఖరి తంతి పంపలేకపోయిన గుమాస్తా. అతను పూర్తిగా కల్పితం. ఆ రోజు వేలమంది చనిపోయారు, వారిలో ఎవరి పేరూ వాడకూడదని ముందే అనుకున్నాం.

లోపలికి వచ్చేవారి చేతిలో టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టిన తంతి కాగితం పెట్టాం. గోడ మీద పిల్లల ఛాతీ ఎత్తున బురదనీటి గీత. చివర బల్ల మీద కాగితం పెట్టగానే అప్పటిదాకా వినబడుతున్న టకటక చప్పుడు ఠక్కున ఆగుతుంది. ఎక్కువమంది కేక పెట్టింది అక్కడే!

ఆ చప్పుడు ఎస్ఓఎస్ (ఆపదలో సాయం కోరే సంకేతం) కాకూడదన్నవారికి ప్రత్యేక కృతజ్ఞతలు. ఆ సంకేతాన్ని అంతర్జాతీయంగా ఒప్పుకున్నది 1906లో.

పొగ యంత్రం, నకిలీ నెత్తురు మాకు అక్కరకు రాలేదు. పొగ కమ్మితే గోడ మీది గీత కనబడదు. మరీ చిన్నపిల్లలకు మాత్రం దీపాలు వేసి, తంతి అందజేసే ఆటగా నడిపాం.