సమస్య: మాట రాని పెట్టె మాట నిలిపె

నిర్వాహకుడు (పర్లాకిమిడి):
ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. పుట్టింది మా ఇంట్లోనే. రెండు స్పీకర్ల పాత స్టీరియోకి సబ్‌వూఫర్ (లోతు మోత మాత్రమే పలికే పెట్టె) తగిలిస్తున్నాను. ఆంప్లిఫయర్ వెనక వూఫర్‌కని విడిగా ఉండే ‘సబ్ అవుట్’ సాకెట్ లేదు. అందుకని స్పీకర్ తీగలు బిగించిన చోటి నుంచే ఇంకో జత తీగలు వూఫర్ ‘హై లెవెల్’ టెర్మినల్స్‌కి లాగాను. పరీక్షకని స్పీకర్లు రెండూ ఊడదీసి పాట పెట్టాను. గొంతు లేదు, వీణ లేదు. అటక మీద ఎవరో బస్తాలు దొర్లిస్తున్నట్టు చప్పుడు. మా అమ్మ గుమ్మంలోంచి చూసి, “డబ్బులు పోసి మూగదాన్ని తెచ్చావురా” అంది. తప్పు వూఫర్‌ది కాదు. ఏ శ్రుతి కిందివి పలకాలో చెప్పే దాని క్రాసోవర్ మీటను 80 హెర్ట్జ్ (సెకనుకు 80 కంపనాలు) దగ్గర పెట్టాను. మగగొంతు అడుగు శ్రుతి కూడా మామూలుగా 85 పైనే మొదలవుతుంది.

‘పెట్టె’ అంటే వూఫరే కానక్కర్లేదు. పూరించండి.

జయపురం మాస్టారు:

చిన్న పెట్టెలలసె చెదరెను పల్లవి
మోతలన్ని మోసి మూలిగినవి
బరువు నెత్తికెత్తి పాటను విడువగా
మాట రాని పెట్టె మాట నిలిపె

మోత, అంటే కింది స్వరాలు, అంతా వూఫర్ తీసుకుంటే చిన్న స్పీకర్లలో సాహిత్యం తేటగా నిలిచిందని భావం.

రాయగడ మెకానిక్:
పద్యం బాగుంది మాస్టారూ, మూడో పాదం దగ్గర నాకు పేచీ. నిర్వాహకుడు గారిలా స్పీకర్ తీగల నుంచి తీసుకుంటే చిన్న పెట్టెలకు మోత ఎప్పటిలాగే పోతూ ఉంటుంది. వూఫర్ తన వంతు కలుపుతుందే గాని, వాటి బరువు దించదు. దించాలంటే ఆంప్లిఫయర్‌లోనో వూఫర్‌లోనో ‘హై పాస్’ ఉండి, కింది స్వరాలను స్పీకర్లకు పోకుండా ఆపాలి.

బరంపురం అక్కయ్య:
‘నెత్తి’ గ్రామ్యంలా లేదూ?

నిర్వాహకుడు:
గిడుగు రామమూర్తి పంతులు గారు మేష్టరీ చేసిన ఊరు మాది అక్కా. ఇక్కడ నెత్తిని గ్రామ్యమంటే ఎవరూ ఒప్పుకోరు. మెకానిక్ మాట మాత్రం నిజం.

జయపురం మాస్టారు:
ఒప్పుకున్నాను. మూడో పాదం మారుస్తున్నా: “ఎనుబదింట గీత యిరువురికిని గీయ”. వూఫరూ, 80 కింద నువ్వు, పైన చిన్న పెట్టెల వాళ్లు.

నిర్వాహకుడు:
ఇప్పుడు లెక్క కుదిరింది. పెట్టెలకు ‘ఇరువురు’ ఏమిటని వ్యాకరణం అడగొచ్చు, అన్నదమ్ముల పంపకంలా ఉంది కాబట్టి వదిలేస్తున్నా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు మనకూ అవతలి తెలుగువాళ్లకూ మధ్య పడిన గీత కంటే ఇది మెత్తనిది. 80 దగ్గర ఠక్కున తెగదు, మెల్లగా జారుతుంది.

బరంపురం అక్కయ్య:

పట్టుచీర నేసి పంపుదు ననె తండ్రి
పండుగకును ముందె వదలె నుసురు
మూత దీసి చూడ మొగ్గల యంచుతో
మాట రాని పెట్టె మాట నిలిపె

నిర్వాహకుడు:
మా అమ్మకు చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. వూఫర్ ఊసే లేని ఈ పూరణే ఇప్పటికి నాకు ముందు వరస. ఒక్క సందేహం. బరంపురం పట్టు అంటే గుడి గోపురంలా లేచే కుంభం అంచు కదా, మొగ్గలెందుకు వచ్చాయి?

బరంపురం అక్కయ్య:
యతి కోసం తమ్ముడూ. ‘మూ’కి ‘కుం’ కుదరదు. మా వీధి మగ్గాల వాళ్లు చూస్తే నన్ను తిడతారు.

గుణుపురం కుర్రాడు:
నాది నిన్న రాత్రి అనుభవం.

ఎరుపు కెరుపు కలిపి యెడమను కుడియందు
నలుపు నలుపు చేర్చి నాద మడుగ
గుర్రుమనియె నొకటె గోడ యదిరినది
మాట రాని పెట్టె మాట నిలిపె

జయపురం మాస్టారు:
భలే! మేమంతా ‘నిలిపె’ను నిలబెట్టడం అనుకుంటే నువ్వు ఆపేయడం చేశావు. ఇంట్లో అందరి మాటా ఆగిపోయిందన్నమాట. ‘ఒకటె’ మాత్రం పాదం నింపడానికి వచ్చినట్టుంది.

రాయగడ మెకానిక్:
తమ్ముడూ, పద్యం సంగతి మాస్టారు చూసుకుంటారు. తీగలు కలిపేముందు రెండింటి కరెంటూ తీసేశావా? వెంట్రుకంత రాగి పోగు ఒకటి పక్క టెర్మినల్‌కి తగిలినా ఆంప్లిఫయర్ పోవచ్చు. పోగులన్నీ మెలిపెట్టి దూర్చు. పాట లేనప్పుడు కూడా గుర్రుమంటే అది మన కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ అయి ఉండొచ్చు. రెండు ప్లగ్గులూ ఒకే బోర్డుకు పెట్టి చూడు. పాట ఉన్నప్పుడు గోడ అదిరితే మూలలోంచి కాస్త ఇవతలికి జరుపు. మూలలో మోత పెరుగుతుంది. వూఫర్ కదలికను స్పీకర్ల కదలికతో కలిపే ‘ఫేజ్’ మీట 0లో ఒకసారి, 180లో ఒకసారి విని, ఎందులో మోత నిండుగా ఉంటే అందులో ఉంచు.

గుణుపురం కుర్రాడు:
ఒకే బోర్డుకు పెట్టాను అన్నా, గుర్రు పోయింది. ‘ఒకటె’ ఇంకా పోలేదు, ఆలోచిస్తున్నా. ఇంట్లో మాటలు మళ్లీ మొదలయ్యాయి. మొదటి మాట, “ఇది ఎంతకు కొన్నావు?”