సమాచారమంతా బయటపెడితే మార్కెట్ తన తప్పు తానే దిద్దుకుంటుందా?

తక్కెడ:
నా పక్షం ముందే చెబుతాను, తర్వాత ఖండించండి. మార్కెట్ వైఫల్యం, అంటే బేరసారాలు వాటంతట అవే మంచి ఫలితం ఇవ్వకపోవడం, అనే మాట వినగానే చాలామంది పన్ను, నిషేధం, లైసెన్సు అంటూ పరుగెత్తుతారు. నా లెక్కలో ఆ వైఫల్యాల్లో ఎక్కువ భాగం తెలియకపోవడం వల్ల వచ్చేవే. 1970లో ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ పాత కార్లను ఉదాహరణగా తీసుకుని చూపింది ఇదే. బండిలో లోపం ఏమిటో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకే కొనేవాడు ఏ బండికైనా సగటు ధరే ఇస్తానంటాడు. మంచి బండి ఉన్నవాడికి ఆ ధర గిట్టదు, అమ్మకం మానుకుంటాడు. దాంతో మిగిలిన బళ్ల సగటు నాణ్యత ఇంకా పడిపోతుంది, ఆ వెంటే ధరా పడిపోతుంది. చివరకు సంతలో డొక్కు బళ్లే మిగులుతాయి.

అయితే ఈ జబ్బుకు మందు కూడా వ్యాపారంలోనే పుట్టింది. వారంటీ, మెకానిక్ తనిఖీ, పేరు పోతుందన్న భయం, ఇవన్నీ ఎవరో శాసిస్తే వచ్చినవి కావు. కాబట్టి వివరాలు దాచకూడదని ఒక చట్టం చేసి ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే చాలు. అంతకు మించి ఎందుకు కావాలి?

పొగగొట్టం:
తక్కెడ గారూ, పాత కారు కథలో నష్టపోయేది కొనేవాడే. కాబట్టి నిజం తెలిస్తే జాగ్రత్తపడతాడు. మరి అదే కారు వదిలే పొగ సంగతి? పొగ వస్తుందని అమ్మినవాడికి తెలుసు, కొన్నవాడికి తెలుసు, పక్కన నడుస్తూ దగ్గుతున్నవాడికి ఇంకా బాగా తెలుసు. సమాచారానికి ఇక్కడ కొరతేమీ లేదు. అయినా పొగ ఆగదు, ఎందుకంటే దగ్గేవాడు ఆ బేరంలోనే లేడు. సోకు ఒకడిది, సొమ్ము ఇంకొకడిది.

బాహ్య ప్రభావం అంటే ఇదే. నష్టం ఎంతో అంత పన్ను వేసి దాన్ని ధరలోకి తేవాలని ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ 1920 నాటికే వివరించాడు. మీ పద్ధతి ప్రకారం బండి మీద 'ఈ పొగ పక్కవాడి ఊపిరితిత్తులకు హానికరం' అని అట్ట అంటిద్దాం. ఎంతమంది కొనడం మానేస్తారంటారు?

తక్కెడ:
కొంతమంది మానేస్తారు. ఎందరని నన్ను అడగకండి. కానీ బేరంలో లేనివాడిని బేరంలోకి తీసుకురావడానికి పన్ను ఒక్కటే దారి కాదు. హక్కు ఎవరిదో స్పష్టంగా ఉండి, బేరమాడుకోవడానికి ఖర్చు లేకపోతే ఇద్దరూ కూర్చుని తేల్చుకుంటారని 1960లో ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ చెప్పాడు. తేనెటీగల ఉదాహరణ చూడండి. ఆపిల్ పూల మకరందం తేనెటీగల పెంపకందారుకు ఉచితంగా దక్కుతోంది, దాని విలువ మార్కెట్ లెక్కలోకి రాదు అని 1952లో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ రాశాడు. పాఠ్యపుస్తకాలు దాన్ని పట్టుకుని వేలాడాయి. తర్వాత స్టీవెన్ చ్యుంగ్ అనే ఇంకో ఆర్థికవేత్త అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో తోటల యజమానులను, పెంపకందారులనే అడిగాడు. తేలిందేమిటంటే వాళ్ల మధ్య ఒప్పందాలు ఎప్పటినుంచో ఉన్నాయి! పరాగ సంపర్కం కోసం తోట యజమాని తేనెపెట్టెలకు అద్దె ఇస్తాడు. తేనె బాగా వచ్చే పంటయితే పెంపకందారే తోటకు ఎదురు చెల్లిస్తాడు. ఇది 1973లో అచ్చయింది. వైఫల్యం మార్కెట్‌లో లేదు, వెళ్లి చూడని పండితుడి బల్ల మీద ఉంది.

పొగగొట్టం:
తేనెటీగల దగ్గర మీరే గెలిచారు, తీసుకోండి. కానీ అక్కడ ఉన్నది ఒక తోట, ఒక పెంపకందారు. పొగ దగ్గర ఒక పక్క వేల గొట్టాలు, ఇంకో పక్క లక్షల ముక్కులు. వీళ్లంతా ఏ అరుగు మీద కూర్చుని బేరమాడాలి? బేరానికి ఖర్చు లేకపోతే అన్న షరతు కోస్ ఊరికే పెట్టలేదు. నిజ జీవితంలో ఆ ఖర్చు ఉంటుందన్నదే ఆయన వ్యాసంలో అసలు విషయం. ఆయన అభిమానులే ఆ పేజీ దాటేస్తారు.

కొత్త పాఠకుడు:
ఎంతసేపూ పొగేనా? మేలు చేసే బాహ్య ప్రభావాల మాటేమిటి? నేను టీకా వేయించుకుంటే నా పొరుగువాడికీ రక్షణే కదా.

పొగగొట్టం:
లెక్క అదే, తలకిందులుగా. మీరు చేసిన మేలుకు పొరుగువాడు మీకు చెల్లించడు కాబట్టి అవసరమైన దానికంటే తక్కువ మంది వేయించుకుంటారు. అందుకే టీకాలు ఉచితంగా వేస్తారు.

పాత కాగితాలు:
మీరిద్దరూ సమాచార లోపాన్ని ఒక పెట్టెలో, బాహ్య ప్రభావాన్ని ఇంకో పెట్టెలో పెట్టి వాదిస్తున్నారు. నాకు అభ్యంతరం అక్కడే. రెండూ ముడిపడి వచ్చినప్పుడే అసలు ప్రమాదం. సీసం కలిపిన పెట్రోలు చరిత్ర చూడండి.

ఇంజిన్ టకటకమని కొట్టుకోకుండా (నాకింగ్) ఉండటానికి టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు రసాయనం పనిచేస్తుందని 1921లో జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్‌గ్లీ కనుక్కున్నాడు. సీసం విషమని అప్పటికే లోకానికి తెలుసు. అమ్మేటప్పుడు మాత్రం దానికి 'ఇథైల్' అని పేరు పెట్టారు, సీసం అన్న మాట ఎగిరిపోయింది. 1924లో న్యూజెర్సీలోని ఒక కర్మాగారంలో దాన్ని తయారుచేస్తూ అయిదుగురు కార్మికులు చనిపోయారు. కొన్నాళ్లు అమ్మకం ఆగింది, మళ్లీ మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఈ విషయంలో ప్రధాన నిపుణుడిగా చెలామణి అయిన రాబర్ట్ కెహో పరిశోధనకు డబ్బు ఇచ్చింది ఆ పరిశ్రమే. అంటే నష్టం చేసేవాడి దగ్గరే నష్టం లెక్కా ఉంది. దొంగ చేతికి తాళాలు ఇవ్వడమంటే ఇదే.

లెక్క తప్పని చూపినవాడు ఆర్థికవేత్త కాదు, వైద్యుడూ కాదు. సీసం ఐసోటోపులతో, అంటే బరువులో తేడా ఉన్న సీసం రకాలతో, భూమి వయసు తేల్చిన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్. తన నమూనాలు ఎంత శుభ్రం చేసినా ఎక్కడినుంచో సీసం వచ్చి చేరుతుంటే, అది ఎక్కడిదని వెతుక్కుంటూ వెళ్లాడు. మనుషుల ఒంట్లో సీసం సహజమైన స్థాయి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందని 1965లో రాశాడు. తక్కెడ గారూ, అప్పటిదాకా మీ 'వివరాలు దాచకూడదు' చట్టం ఉన్నా ఏం చేసేది? ఆ వివరమే ఇంకా పుట్టలేదు, పుట్టించే అవసరం అమ్మేవాడికి లేదు. పిల్లల ఒంట్లో చేరిన సీసానికి ఆ పిల్లలు ఏ బేరంలోనూ సంతకం పెట్టలేదు.

అమెరికాలో రోడ్డు వాహనాలకు ఆ పెట్రోలు పూర్తిగా ఆగింది 1996లో. ప్రపంచంలో అందరికంటే చివర అల్జీరియాలో, 2021లో. కనుక్కున్న నాటినుంచి సరిగ్గా నూరేళ్లు.

తక్కెడ:
సీసం విషయంలో తలవంచుతున్నాను. అయితే తెలియకపోవడం ప్రభుత్వానికి మాత్రం ఉండదా? కర్మాగారాలు వదిలే కర్బనానికి పరిమితి పెట్టి, అంత మేరకు అనుమతి పత్రాలు పంచి, వాటిని కొనుక్కోనిచ్చే, అమ్ముకోనిచ్చే ఐరోపా కర్బన మార్కెట్ 2005లో మొదలైంది. కర్మాగారాలు ఎంత వదులుతున్నాయో సరైన కొలతలు లేక, అంచనాలతో అనుమతి పత్రాలు పంచారు. 2006లో అసలు లెక్కలు వచ్చాక చూస్తే పంచినవే ఎక్కువ. ఆ పత్రాల ధర కుప్పకూలింది, 2007 ముగిసేసరికి దాదాపు సున్నా. జ్ఞానం లక్షలమంది దగ్గర చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది, ఒక కార్యాలయంలో పోగుపడదని 1945లో ఆర్థికవేత్త ఫ్రెడరిక్ హాయెక్ అన్నది ఇందుకే.

పొగగొట్టం:
పరిమితి పెట్టి పత్రాలు పంచే అదే పని అమెరికాలో 1990 చట్టం ప్రకారం ఆమ్ల వర్షాలకు కారణమైన సల్ఫర్ డయాక్సైడ్ మీద చేశారు. అది నిలబడింది, అనుకున్న దానికంటే తక్కువ ఖర్చుతో. తేడా ఎక్కడంటే, విద్యుత్ కేంద్రాల పొగగొట్టాల్లో నిరంతరం కొలిచే పరికరాలు పెట్టించారు. మీ ఐరోపా ఉదాహరణ పన్నుకో పరిమితికో వ్యతిరేకం కాదు, కొలవకుండా పంచడానికి వ్యతిరేకం.

పాత కాగితాలు:
కొలత కూడా అంత అమాయకమైనది కాదు. పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రం పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను ఫోక్స్‌వ్యాగన్ తన డీజిల్ కార్లలో పెట్టిందని 2015లో బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల కార్లు. కొన్నవాడికీ తెలియదు, కొలిచినవాడికీ తెలియదు, పీల్చినవాడికి అసలే తెలియదు.

తక్కెడ:
సరే. అయితే కొలిచే పరికరం ఖర్చు ఎవరు భరించాలి? అక్కడినుంచి మళ్లీ మొదలుపెడదాం.

పాత కాగితాలు:
పొగ వదిలేవాడే. పరికరం గదికి తాళం మాత్రం అతని దగ్గర ఉండకూడదు.

తక్కెడ:
మరి ఎవరి దగ్గర ఉండాలి? ఆ తాళం పట్టుకున్నవాడిని ఎవరు కొలుస్తారో కూడా చెప్పండి.