"గట్టి"కి "స్ట్రాంగ్" ఎక్కడ అతుకుతుంది?

(హైదరాబాద్‌లో వేర్వేరు చోట్ల ఉండే నలుగురి సంభాషణ. ఎవరి మాటకి ముందు వాళ్ల ప్రాంతం పేరుంది.)

నారాయణగూడ: ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలు "స్ట్రాంగ్" పక్కన "బలమైన, గట్టి" అని రాసుకుని అన్నిచోట్లా అదే వాడేస్తున్నారు. "స్ట్రాంగ్ రెయిన్" పడిందంటారు. "గట్టిగా మాట్లాడండి, వినపడట్లేదు" అనడానికి "స్పీక్ స్ట్రాంగ్లీ" అంటారు. దీన్ని ఎలా విడమరిచి చెప్పాలి?

తార్నాక: చిక్కు "స్ట్రాంగ్"తో కాదండీ, మన "గట్టి"తో. ఒక్క మాటకి ఎన్ని పనులు అప్పగించామో చూడండి. గట్టి నేల హార్డ్, గట్టి పెరుగు థిక్, గట్టి పోటీ టఫ్. గట్టిగా పట్టుకో అంటే టైట్, గట్టిగా చదువు అంటే లౌడ్. వీటిలో దేనికీ స్ట్రాంగ్ మొదట నోటికి రాదు. గట్టి తాడుకి వస్తుంది.

పిల్లలకి చేగోడీ, పట్టుదారం చూపించండి. నొక్కితే లొంగనిది హార్డ్, లాగినా తెగనిది స్ట్రాంగ్. చేగోడీ హార్డే, కానీ విరిస్తే పుటుక్కుమంటుంది. పట్టుదారం మెత్తన, అయినా స్ట్రాంగ్.

"స్పీక్ స్ట్రాంగ్లీ" అంటే ఒక విషయం మీద ఘాటుగా, పట్టుబట్టి మాట్లాడమని. గొంతు పెంచమనాలంటే "స్పీక్ అప్" చాలు.

మలక్‌పేట: వానకి హెవీ, గాలికి స్ట్రాంగ్. మీద పడేదానికి హెవీ, తోసేదానికి స్ట్రాంగ్ అని గుర్తుపెట్టుకోమనండి. (ట్రాఫిక్‌కి ఈ గుర్తు పనిచేయదు, అది హెవీయే.) వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. పడితే హెవీ రెయిన్, అది దాటి 204.4 దాకా వెరీ హెవీ. గాలిని కొలిచే బోఫర్ట్ స్కేలులో 6వ మెట్టు పేరు స్ట్రాంగ్ బ్రీజ్, గంటకి 39 నుంచి 49 కి.మీ. గొడుగు పట్టుకుని నడవడం కష్టమయ్యే గాలి అది.

కూకట్‌పల్లి: చాయ్ సంగతి కూడా తేల్చండి. "చిక్కటి టీ" అంటే స్ట్రాంగ్ టీ అని రాయొచ్చా?

మలక్‌పేట: అక్కడే బోల్తా పడతారు. మన చిక్కదనం పాలదీ కావచ్చు, డికాక్షన్‌దీ కావచ్చు. ఇంగ్లీషులో స్ట్రాంగ్ టీ అంటే ఆకు సారం బాగా దిగినది, అంతే. పాలు ఎక్కువైతే మిల్కీ టీ. ఇరానీ చాయ్‌లో డికాక్షన్ వేరే, మరిగి చిక్కబడ్డ పాలు వేరే ఉంటాయి కాబట్టి కప్పు దగ్గరే తేడా చూపించొచ్చు. డికాక్షన్ పెంచితే స్ట్రాంగ్, పాలు పెంచితే రిచ్, మిల్కీ. థిక్ టీ అనకండి. సిటీలో "కడక్ చాయ్" అంటారే, ఆ కడక్ స్ట్రాంగ్‌కి సరిగ్గా సరిపోతుంది. తమాషా ఏంటంటే కడక్‌కి అసలర్థం మన గట్టే!

తార్నాక: చాయ్‌లో ఆకు ఎక్కువైతే స్ట్రాంగ్ కదా అని కెమిస్ట్రీలోకి తీసుకెళ్తే మార్కులు పోతాయి. స్ట్రాంగ్ యాసిడ్ అంటే బలమైన ఆమ్లం, నీళ్లలో దాదాపు పూర్తిగా అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా, విడిపోయేది. చిక్కగా ఉన్నది గాఢ ఆమ్లం, కాన్సన్‌ట్రేటెడ్. 0.1 మోలార్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) సుమారు 1. అంతే గాఢత ఉన్న ఎసిటిక్ ఆమ్లంలో 1.3 శాతమే విడిపోతుంది, పీహెచ్ 2.9 దగ్గర ఆగుతుంది. ఎసిటిక్ ఆమ్లాన్ని ఎంత గాఢంగా తీసుకున్నా దాని పేరు వీక్ యాసిడే.

కూకట్‌పల్లి: "స్ట్రాంగ్ ఇన్ మ్యాథ్స్" తప్పా?

తార్నాక: తప్పు కాదు. "గుడ్ ఎట్ మ్యాథ్స్" ఎక్కువగా వినిపిస్తుంది, అంతే.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. ప్రామాణిక ఇంగ్లీషులో స్ట్రాంగ్ చివర "గ" పలకదు, ముక్కులోనే ఆగిపోతుంది. స్ట్రాంగర్, స్ట్రాంగెస్ట్‌లలో మాత్రం "గ" స్పష్టంగా పలుకుతుంది. లాంగ్, యంగ్ కూడా ఇంతే. సింగర్‌లో పలకదు, కాబట్టి అన్నిటికీ ఒకటే సూత్రం రుద్దకండి.

నారాయణగూడ: ఆఖరుగా ఒకటి. "ది క్రౌడ్ వాజ్ 2000 స్ట్రాంగ్" అన్న వాక్యానికి "2000 మంది బలవంతులు" అని రాశారు.

మలక్‌పేట: జనం రెండు వేల మంది అని మాత్రమే. అంకె తర్వాత వచ్చే ఈ స్ట్రాంగ్ తల లెక్క చెబుతుంది. గుంపు, జట్టు, సిబ్బంది, సైన్యం లాంటి వాటికే వాడాలి, కుర్చీలకి వాడరు. నామవాచకానికి ముందు వస్తే అంకెకీ స్ట్రాంగ్‌కీ మధ్యలో హైఫన్ పడుతుంది: "ఎ 200-స్ట్రాంగ్ టీమ్". పిల్లలకి ఇది కొత్తేమీ కాదు, "క్లాస్ స్ట్రెంత్ ఎంత?" అని రోజూ వింటున్నదే. తెలుగులోనూ 119 మంది సభ్యుల శాసనసభలో "పార్టీ బలం 60" అని రాస్తే కండబలం అని ఎవరూ అనుకోరుగా!